ఒక్క ఎయిర్‌లైన్ కాంట్రాక్ట్ వస్తే షేర్ విలువ ఎంత పెరగాలి? గోగో కథతో లెక్క వేద్దాం

ఇవాళ్టి ఎపిసోడ్ కొంచెం హిస్టరీ, కొంచెం లెక్కలు. పెన్ను పేపర్ పక్కన పెట్టుకుంటే మంచిది, లేదంటే ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఓపెన్ చేసి పెట్టుకోండి.

ప్రశ్న ఇదీ. ఒక చిన్న లిస్టెడ్ కంపెనీ ఉంది. దానికి ఒక పెద్ద ఎయిర్‌లైన్ నుంచి కాంట్రాక్ట్ రావొచ్చు అని వార్త వచ్చింది. ఇంకా రాలేదు, రావొచ్చు అంతే. పొద్దున మార్కెట్ ఓపెన్ అవ్వగానే షేర్ ఎగిరింది. మన టెలిగ్రామ్ గ్రూపుల్లో ఒకటే గోల: ఇది డబుల్, ట్రిపుల్ అని. అసలు ఆ కాంట్రాక్ట్ విలువ ఒక్కో షేర్‌కి ఎంత? దీన్ని ఊహతో కాకుండా లెక్కతో చెప్పగలమా?

చెప్పొచ్చు. పూర్తి కరెక్ట్‌గా కాదు, కానీ ఏ రేంజ్‌లో ఉంటుందో చెప్పొచ్చు. దానికి నేను తీసుకున్న కేస్ అమెరికా కంపెనీ గోగో. విమానాల్లో వైఫై అంటే ఒకప్పుడు అమెరికాలో చాలామందికి గుర్తొచ్చే పేరు ఇదే. ఎయిర్‌లైన్ కాంట్రాక్టుల మీద పెరిగి, ఎయిర్‌లైన్ కాంట్రాక్టుల వల్లే పడి, చివరికి ఎయిర్‌లైన్ల బిజినెస్ మొత్తం అమ్మేసి బతికిన కంపెనీ ఇది.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం

విమానంలో కూర్చున్నవాళ్లకి కనెక్షన్ అమ్మాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1980ల్లోనే ఎయిర్‌ఫోన్ అని ఒక సర్వీస్ వచ్చింది. మొదలుపెట్టింది జాక్ గోకెన్. ఎంసీఐ అనే టెలికాం కంపెనీ పెట్టింది కూడా ఈయనే. విమానంలో క్రెడిట్ కార్డ్ గీకి ఫోన్ చేసుకోవచ్చు. వినడానికి సూపర్, కానీ కాల్ రేట్లు చూసి జనం భయపడ్డారు. చేతులు మారి మారి చివరికి వెరైజన్ దగ్గరికి వచ్చింది, 2006లో వాళ్లు కూడా ఆపేయాలని డిసైడ్ అయ్యారు.

తర్వాత బోయింగ్ దిగింది. కనెక్షన్ బై బోయింగ్ అని శాటిలైట్ ఇంటర్నెట్ సర్వీస్. అమెరికన్, డెల్టా, యునైటెడ్ మూడూ 2001లో దీంట్లో చేతులు కలిపాయి. అదే ఏడాది సెప్టెంబర్ 11 దాడులు జరిగాయి, ఎయిర్‌లైన్లు డబ్బుల్లేక విలవిల్లాడాయి, మూడూ తప్పుకున్నాయి. 2004లో లుఫ్తాన్సా విమానాల్లో సర్వీస్ మొదలైంది కానీ, సరిపడా కస్టమర్లు రాక దుకాణం మూసేస్తున్నట్టు 2006 ఆగస్టులో బోయింగ్ ప్రకటించింది. ఇక్కడే మొదటి పాఠం ఉంది. చేతులు కలపడం వేరు, విమానంలో పరికరం బిగించి డబ్బు రావడం వేరు. ఈ రెండింటి మధ్య ఏళ్లు ఉంటాయి. ఆ ఏళ్లలో ఏదైనా జరగొచ్చు.

ఇక గోగో. దీని పాత పేరు ఎయిర్‌సెల్. మన దగ్గర మూతపడిన ఎయిర్‌సెల్ కాదు, అది వేరే. 1991లో టెక్సాస్‌లోని డెనిసన్ అనే ఊళ్లో, ఒక బార్బెక్యూ హోటల్లో జిమ్మీ రే అనే ఆయన పేపర్ న్యాప్‌కిన్ మీద గీసిన బొమ్మతో మొదలైందని కంపెనీ తన చరిత్రలో చెప్పుకుంటుంది. చిన్న ప్రైవేట్ విమానాలకి ఫోన్ సర్వీస్ ఇవ్వాలన్నది ఐడియా. చాలా ఏళ్లు అలా చిన్నగానే నడిచింది.

2006లో మలుపు. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ నేల నుంచి విమానానికి సిగ్నల్ పంపే స్పెక్ట్రమ్ వేలం వేసింది. ఎయిర్‌సెల్ సుమారు 3.1 కోట్ల డాలర్లు పెట్టి 3 మెగాహెర్ట్జ్ కొనుక్కుంది. సెల్ టవర్లు మామూలుగా నేలవైపు చూస్తాయి కదా, వీళ్ల టవర్లు ఆకాశం వైపు చూస్తాయి, అంతే తేడా. శాటిలైట్ అక్కర్లేదు. ఖర్చు తక్కువ, విమానం మీద బిగించే పరికరం బరువు కూడా తక్కువ. 2008 ఆగస్టులో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో సర్వీస్ మొదలైంది. 3 గంటలు దాటిన ప్రయాణానికి 12.95 డాలర్లు. తర్వాత డెల్టా, వర్జిన్ అమెరికా ఒక్కొక్కటిగా వచ్చాయి.

డబ్బు ఎలా వస్తుంది?

లెక్క వేసే ముందు ఈ బిజినెస్ ఎలా నడుస్తుందో అర్థం కావాలి. గోగో మొదట్లో పెట్టుకున్న పద్ధతి ఇదీ. పరికరం ఖర్చులో ఎక్కువ భాగం గోగోనే భరిస్తుంది. ధర గోగో పెడుతుంది. ప్యాసింజర్ కట్టిన డబ్బు గోగోకి వస్తుంది, అందులో కొంత వాటా ఎయిర్‌లైన్‌కి ఇస్తుంది. అంటే కాంట్రాక్ట్ సంతకం అయిన రోజు గోగోకి రూపాయి రాదు. పైగా జేబులోంచి పోతుంది. తర్వాత పదేళ్లపాటు కొంచెం కొంచెంగా తిరిగి రావాలి.

మన ఊళ్లో కేబుల్ ఆపరేటర్‌ని గుర్తుచేసుకోండి. అపార్ట్‌మెంట్ మొత్తానికి వైరు తనే లాగాడు. ఇప్పుడు ఫ్లాట్ల వాళ్లు నెలనెలా కడితేనే వైరు డబ్బులు వస్తాయి. మధ్యలో అసోసియేషన్ వాళ్లు ఇంకో ఆపరేటర్‌ని పిలిస్తే? వైరు గోడల్లో ఉండిపోతుంది, డబ్బు పోతుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ అవసరం పడుతుంది.

ఇప్పుడు లెక్క

ఇక్కడి నుంచి వచ్చే అంకెలు నేను ఉదాహరణకి పెట్టుకున్నవి. గోగో అసలు ఖాతాలు కావు. ఒక ఊహాజనిత చిన్న కంపెనీ, 2 కోట్ల షేర్లు, షేర్ ధర 3 డాలర్లు. అంటే మార్కెట్ విలువ 6 కోట్ల డాలర్లు. దీనికి 200 విమానాల కాంట్రాక్ట్ రావొచ్చు.

ఒక విమానంలో 150 సీట్లు, అందులో 120 నిండుతాయి అనుకుందాం. రోజుకి 5 ట్రిప్పులు. అంటే రోజుకి 600 మంది. అందులో వైఫై కొనేవాళ్లు 6 శాతం, అంటే 36 మంది. ఈ 6 శాతం గాల్లోంచి తీసింది కాదు, 2013 ప్రాంతంలో గోగోకి కూడా దాదాపు అంతే ఉండేది. ఒక్కొక్కరు 10 డాలర్లు కడితే రోజుకి 360 డాలర్లు. ఏడాదికి 350 రోజులు తిరిగితే ఒక విమానానికి 1,26,000 డాలర్లు. 200 విమానాలకి 2.52 కోట్ల డాలర్లు.

టెలిగ్రామ్ గ్రూపు ఇక్కడే ఆగిపోతుంది. ఏడాదికి 2.5 కోట్లు, పదేళ్లకి 25 కోట్లు, కంపెనీ విలువేమో 6 కోట్లే, కాబట్టి షేర్ నాలుగింతలు అవ్వాలి అంటారు. మనం ఆగొద్దు.

ఎయిర్‌లైన్ వాటా 20 శాతం తీసేస్తే 2.016 కోట్లు. అందులో సగం టవర్లు, బ్యాండ్‌విడ్త్, మెయింటెనెన్స్, కస్టమర్ కేర్‌కి పోతుంది అనుకుందాం. మిగిలింది ఏడాదికి దాదాపు 1.01 కోట్ల డాలర్లు.

కాంట్రాక్ట్ పదేళ్లు. కానీ పదో ఏడాది వచ్చే డాలర్, ఇవాళ చేతిలో ఉన్న డాలర్ ఒకటి కాదు. రిస్క్ ఉన్న చిన్న కంపెనీ కాబట్టి 12 శాతం డిస్కౌంట్ రేటు వేద్దాం. ఆ రేటుతో పదేళ్లపాటు ఏటా 1 డాలర్ వస్తే దాని ఇవాళ్టి విలువ 5.65 డాలర్లు. మన 1.01 కోట్లని దాంతో గుణిస్తే సుమారు 5.7 కోట్లు.

ఇప్పుడు పరికరాల ఖర్చు. ఒక్కో విమానానికి 1.5 లక్షల డాలర్లు అనుకుంటే 200కి 3 కోట్లు. ఇది ముందే పెట్టాలి. 5.7లోంచి 3 తీసేస్తే 2.7 కోట్లు. 2 కోట్ల షేర్లతో భాగిస్తే ఒక్కో షేర్‌కి 1.35 డాలర్లు.

25 కోట్లతో మొదలుపెట్టి 2.7 కోట్లకి వచ్చాం చూశారా. ఇంకా అయిపోలేదు. కాంట్రాక్ట్ ఇంకా రాలేదు కదా, వచ్చే అవకాశం 40 శాతం అనుకుంటే 1.35లో 40 శాతం, అంటే 54 సెంట్లు. ఇది ఈ రోజు ఈ వార్త విలువ. 3 డాలర్ల షేర్ మూడున్నర అవ్వొచ్చు. ఒకే రోజులో 5 డాలర్లు అయిందనుకోండి, అంటే మార్కెట్ 4 కోట్ల డాలర్ల విలువ జోడించింది. కాంట్రాక్ట్ నూటికి నూరు శాతం వచ్చినా మన లెక్కలో వచ్చేది 2.7 కోట్లే. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, ఇక్కడ సోమలింగానికి కాలేజీ ఫీజు కూడా కట్టేశారన్నమాట.

ఇంకొకటి. ఆ 3 కోట్లు ఎక్కడి నుంచి వస్తాయి? చిన్న కంపెనీ దగ్గర క్యాష్ ఉండదు. 3 డాలర్లకే కొత్త షేర్లు అమ్మి తెచ్చిందనుకోండి, ఇంకో కోటి షేర్లు పుడతాయి. అదే 2.7 కోట్లు ఇప్పుడు 3 కోట్ల షేర్లకి పంచాలి. 1.35 కాస్తా 90 సెంట్లు అవుతుంది. అప్పు తెస్తే షేర్లు పెరగవు, కానీ వడ్డీ పెరుగుతుంది, ఇబ్బంది వస్తే ముందు అప్పిచ్చినవాళ్లకే కట్టాలి.

ఏ అంకె మారితే కొంప మునుగుతుంది?

కోడ్ రాసేవాళ్లకి ఇది తెలుసు. ఒక ఫంక్షన్‌కి ఏ ఇన్‌పుట్ మారిస్తే అవుట్‌పుట్ ఎక్కువ ఊగుతుందో చూడాలి. ఇక్కడ అదే చేద్దాం.

కొనేవాళ్లు 6 శాతం బదులు 7 శాతం అయితే 2.7 కోట్లు కాస్తా 3.6 కోట్లు. 4 శాతానికి పడితే 80 లక్షలు. బానే ఊగుతోంది. అయితే అసలు షాక్ ఇది కాదు.

పదేళ్ల కాంట్రాక్ట్ అయిదేళ్లకే పోయిందనుకోండి. 5.65 బదులు 3.6తో గుణించాలి. వచ్చేది సుమారు 3.63 కోట్లు, ఖర్చు 3 కోట్లు పోగా 63 లక్షలు. నాలుగేళ్లకే పోతే? 6 లక్షలు, అంటే ఒక్కో షేర్‌కి 3 సెంట్లు. దాదాపు సున్నా. మూడేళ్లకే పోతే నష్టం.

అర్థమైందా? విమానాల సంఖ్య, టికెట్ ధర, ఇవన్నీ వార్తల్లో వస్తాయి. కానీ మొత్తం విలువని మోసేది ఎన్నేళ్లు ఉంటుంది అన్న ఒక్క అంకె. అది పత్రికా ప్రకటనలో ఉండదు. కాంట్రాక్ట్ లోపల, మధ్యలో వదిలేసే షరతు దగ్గర ఉంటుంది. ఇప్పుడు గోగో దగ్గరికి తిరిగి వెళ్దాం.

2013 నుంచి 2016: మార్కెట్ వేసిన లెక్కలు

2013 జూన్‌లో గోగో నాస్‌డాక్‌లో లిస్ట్ అయ్యింది. ఐపీవో ధర 17 డాలర్లు. దాదాపు 8.5 కోట్ల షేర్లు, అంటే కంపెనీ విలువ 140 కోట్ల డాలర్లకి పైనే. అప్పటికి అమెరికాలో వైఫై ఉన్న విమానాల్లో ఎక్కువ భాగం వీళ్లవే. మొదటి రోజు ధర కిందికి జారింది కానీ, ఆ ఏడాది చివరి నెలల్లో ఒక దశలో 30 డాలర్లు దాటింది. కంపెనీకి మాత్రం ఇంకా నష్టాలే. మార్కెట్ కొన్నది అప్పటి లాభాన్ని కాదు, బిగించబోయే విమానాల్ని.

2014 ఏప్రిల్‌లో టెలికాం దిగ్గజం ఏటీ అండ్ టీ ఒక ప్రకటన చేసింది: మేం కూడా నేల మీంచి విమానాలకి 4జీ ఇస్తాం అని. ఒక్క టవర్ కూడా లేదు. అయినా గోగో షేర్ ఒక్క రోజులో నాలుగో వంతుకి పైగా పడింది. అదే ఏడాది నవంబర్‌లో ఏటీ అండ్ టీ ఆ ప్లాన్ వదిలేసింది. గోగో షేర్ మళ్లీ ఎగిరింది. ఈ మధ్య కాలంలో గోగో విమానాలు ఏమైనా తగ్గాయా? లేదు. మారింది మన లెక్కలోని ఆ ఏళ్ల అంకె మీద మార్కెట్ నమ్మకం.

కానీ అసలు ప్రమాదం వేరే వైపు నుంచి వస్తోంది. వయాశాట్ అనే శాటిలైట్ కంపెనీ 2011లో చాలా పెద్ద కెపాసిటీ ఉన్న శాటిలైట్‌ని పంపింది. 2013 చివర్లో జెట్‌బ్లూ ఎయిర్‌లైన్స్ దాంతో విమానాల్లో వైఫై మొదలుపెట్టింది, అదీ ఫ్రీగా. గోగో మొదటి తరం సిస్టమ్‌లో విమానం మొత్తానికి సుమారు 3 ఎంబీపీఎస్. 120 మంది పంచుకోవాలి. తర్వాతి వెర్షన్‌లో 10 లోపు. స్మార్ట్‌ఫోన్లు వచ్చాక, యూట్యూబ్ అలవాటయ్యాక అది ఏ మూలకి సరిపోతుంది? 3 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్ 2006లో ఆస్తి. పదేళ్లు తిరిగేసరికి అదే కాలికి గొలుసు.

2016 ఫిబ్రవరి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ టెక్సాస్‌లో గోగో మీద కేసు వేసింది. గోగోకి మొదటి కస్టమర్, పెద్ద కస్టమర్లలో ఒకటి. నష్టపరిహారం అడగలేదు. కాంట్రాక్ట్‌లో ఒక షరతు ఉంది: వేరే కంపెనీ స్పష్టంగా మెరుగైన సర్వీస్ ఇస్తే, గోగో దానికి దీటుగా ఆఫర్ ఇవ్వాలి, లేకపోతే మేం బయటికి వెళ్లొచ్చు. వయాశాట్ మెరుగ్గా ఉంది, కాబట్టి ఆ హక్కు మాకుందని కోర్టు చెప్పాలి అన్నది వాళ్ల కేసు. విషయం సుమారు 200 విమానాలది.

ఆ వార్త బయటికి వచ్చిన రోజు గోగో షేర్ 27 శాతం దాకా పడింది. కొద్ది రోజుల్లోనే, కొత్త ఆఫర్ ఇస్తామని గోగో ఒప్పుకోవడంతో అమెరికన్ కేసు వెనక్కి తీసుకుంది. కేసు పోయింది, కానీ ఆ షరతు ఉందన్న నిజం పోలేదు కదా. అప్పటిదాకా చాలామంది తమ లెక్కల్లో పదేళ్లు అని రాసుకున్న చోట, ఇప్పుడు ప్రశ్నార్థకం పెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ జూన్‌లో ఫలితం తేలింది. 134 విమానాలకి గోగో తన కొత్త శాటిలైట్ సిస్టమ్ పెట్టాలి. కొత్తగా వచ్చే 100 బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలు వయాశాట్‌కి. తర్వాత అమెరికన్ తన వందల పాత విమానాల్ని కూడా వయాశాట్ వైపు తిప్పింది. కేబుల్ ఆపరేటర్ గుర్తున్నాడా? గోడలో వైరు అలాగే ఉంది, అసోసియేషన్ వేరేవాణ్ని పిలిచింది.

తర్వాత ఏమైంది?

ఇక్కడొక వింత ఉంది. ఈ గొడవల మధ్య కూడా గోగో ఆదాయం మొత్తం మీద పెరిగింది. 2015లో 50 కోట్ల డాలర్లు, 2019కి 83 కోట్లు దాటింది. కానీ ఈ అయిదేళ్లలో ప్రతి ఏడాదీ 10 కోట్ల డాలర్లకి పైగా నష్టం. పాత పరికరాలు తీసి శాటిలైట్ పరికరాలు పెట్టాలి, దానికి మళ్లీ డబ్బు, దానికోసం అప్పు, ఆ అప్పుకి వడ్డీ. ఆదాయం పెరిగితే షేర్ విలువ పెరగాలి అనే మామూలు నమ్మకం ఇక్కడ పనిచేయలేదు.

2020లో కరోనా. విమానాలే ఎగరకపోతే వైఫై ఎవరు కొంటారు? షేర్ 2 డాలర్ల కిందికి పడింది. ఆ ఏడాది ఆగస్టు చివర్లో గోగో ఎయిర్‌లైన్ల బిజినెస్ మొత్తాన్ని ఇంటెల్‌శాట్‌కి 40 కోట్ల డాలర్లకి అమ్ముతున్నట్టు ప్రకటించింది. ఆ ఇంటెల్‌శాట్ అప్పటికే దివాలా కోర్టులో ఉంది. డిసెంబర్ 1న డీల్ పూర్తయింది. 2021 జనవరిలో డెల్టా కూడా 300కి పైగా విమానాలకి వయాశాట్‌ని ఎంచుకుంది, కానీ అప్పటికి అది గోగో తలనొప్పి కాదు.

మరి గోగో దగ్గర ఏం మిగిలింది? చిన్న ప్రైవేట్ జెట్ల బిజినెస్. 1991లో న్యాప్‌కిన్ మీద గీసింది ఏదో, అదే. అక్కడ పరికరం విమానం ఓనరే కొంటాడు, నెలనెలా సబ్‌స్క్రిప్షన్ కడతాడు. వేల మంది చిన్న కస్టమర్లు, ఒక్కరు వెళ్లినా కొంప మునగదు. 2022లో షేర్ 20 డాలర్లు దాటింది. పెద్ద పేర్లున్న కాంట్రాక్టులు వదిలేశాకే షేర్‌హోల్డర్లు ఊపిరి పీల్చుకున్నారు.

గెలిచిన వయాశాట్ కథ కూడా అక్కడితో సుఖాంతం కాలేదు. 2024 సెప్టెంబర్‌లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన 1,000కి పైగా విమానాలకి స్టార్‌లింక్ తీసుకుంటున్నట్టు ప్రకటించింది. అది విని వయాశాట్ షేర్ పడింది. 2016లో గోగోకి ఎదురైంది, ఇప్పుడు వాళ్లకి ఎదురవుతోంది.

మనకేంటి దీంట్లో?

మన దగ్గర కూడా ఇప్పుడు డీమ్యాట్ అకౌంట్ లేని ఫ్రెండ్ లేడు. ఫలానా చిన్న కంపెనీకి పెద్ద ఆర్డర్ అని ఎక్స్చేంజ్‌లో ప్రకటన వస్తే, పది నిమిషాల్లో అది వాట్సాప్‌లో ఉంటుంది. విమానాల వైఫై కూడా మన దగ్గర ఇప్పుడిప్పుడే పెరుగుతోంది. దానికి రూల్స్ 2018లో వచ్చాయి. 2024 నవంబర్‌లో ఇస్రో శాటిలైట్ జీశాట్-ఎన్2 ఆకాశంలోకి వెళ్లింది, దాని పనుల్లో విమానాల్లో ఇంటర్నెట్ కూడా ఒకటి. కాబట్టి ఇలాంటి వార్తలు మన తెలుగు గ్రూపుల్లోకి కూడా వస్తాయి.

వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది సంతకం అయిన కాంట్రాక్టా, ఉత్తి అవగాహన ఒప్పందమా? పరికరాల డబ్బు ముందు ఎవరు పెడతారు, అది ఎక్కడి నుంచి వస్తుంది? మధ్యలో వదిలేసే హక్కు ఎవరికి ఉంది, ఏ షరతు మీద? ఈ ఒక్క కస్టమర్ పోతే కంపెనీ నిలబడుతుందా?

తర్వాత నేను వేసిన లెక్కే మీ అంకెలతో వేయండి. వచ్చిన జవాబు కరెక్ట్ అని నమ్మడానికి కాదు. మార్కెట్ ఇచ్చిన ధర నిజం అవ్వాలంటే ఎన్ని ఏళ్లు, ఎంత శాతం, ఎంత అవకాశం ఉండాలో వెనక్కి లెక్కగట్టడానికి. అది నమ్మేలా ఉందా లేదా అన్నది అప్పుడు మీకే తెలుస్తుంది.

ఇది ఏ షేర్ కొనమనీ, అమ్మమనీ సలహా కాదు. లెక్క నేర్చుకుందామని చెప్పిన హిస్టరీ, అంతే. లెక్కలో 12 శాతం బదులు 15 శాతం డిస్కౌంట్ రేటు వేస్తే ఒక్కో షేర్‌కి ఎంత వస్తుందో మీరే వేసి చూడండి. చిన్న క్లూ: 5.65 బదులు 5.02.